అడవిని పెంచే డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

ప్రశ్న: మాది రంపచోడవరం వైపు గూడెం. సామూహిక అటవీ వనరుల హక్కు (అడవిని ఊరే కాపాడుకుని నిర్వహించుకునే హక్కు) పత్రం వచ్చింది. బోడి అయిన గుట్ట మీద అడవిని మళ్లీ పెంచుకోవాలని ఉంది. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మా ఊరి కుర్రాళ్లు రూ.2 లక్షలు, అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒకాయన రూ.4 లక్షలు ఇస్తామంటున్నారు. ఆ డబ్బు వనసంరక్షణ సమితి (వీఎస్‌ఎస్) ఖాతాలోనే వేయాలని సమితి అధ్యక్షుడు పట్టుబడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు హక్కు పత్రం బయటికి తీసి, ఎవరి పేరున ఉందో చదవండి. ఉమ్మడి రాష్ట్రంలో చాలాచోట్ల ఈ పత్రాలను, అటవీ శాఖతో కలిసి పనిచేసే వీఎస్‌ఎస్‌ల పేరిట రాసిచ్చేశారు. అది తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుదారు గ్రామసభ. మీది షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి గ్రామసభ అంటే మీ గూడెంలోని వయోజనులంతా, పంచాయతీ కాదు. మీ పత్రంలోనూ వీఎస్‌ఎస్ పేరే ఉంటే, గ్రామసభ తీర్మానం జతచేసి, సరిదిద్దమని కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టండి. డబ్బు సంగతి ఆ తర్వాతే.

పేరు సరిగ్గా ఉంటే, చట్టం నిబంధనల్లోని 4వ నిబంధన కింద గ్రామసభ ఒక కమిటీ వేయాలి. అడవి సంరక్షణ ప్రణాళిక రాసేది ఈ కమిటీయే. ఆ సభకు కోరం సభ్యుల్లో సగం మంది, హాజరైనవారిలో మూడో వంతు మహిళలు. సంతకాలు, వేలిముద్రలు అదే రోజు, అదే పుస్తకంలో తీసుకోండి. మర్నాడు ఇంటింటికీ తిరిగి పెట్టించిన సంతకాలతోనే తీర్మానాలు వీగిపోతుంటాయి. తీర్మానంలో కమిటీ సభ్యుల పేర్లు, ఖాతా నడిపే ఇద్దరి పేర్లు (ఒకరు మహిళ అయితే మేలు), ఇద్దరి సంతకాలూ లేనిదే డబ్బు తీయకూడదన్న షరతు రాయించండి. ఖాతా కమిటీ పేరున ఉండాలి, వీఎస్‌ఎస్ ఖాతాలో గానీ, ఏ ఒక్కరి సొంత ఖాతాలో గానీ వేయొద్దు. బ్యాంకులో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. సొసైటీ రిజిస్ట్రేషన్ కోసం పరుగెత్తకండి. తీర్మానం, హక్కు పత్రం నకలు, పాన్, సంతకాలు పెట్టేవారి ఆధార్ ఇచ్చి, రిజిస్టరు కాని సంఘంగా ఖాతా తెరవమని రాతపూర్వకంగా అడగండి.

బెంగళూరు కుర్రాళ్లది మన డబ్బే. బ్యాంకు ద్వారా పంపించి రసీదు ఇవ్వండి, చాలు. అయితే విరాళానికి పన్ను మినహాయింపు వస్తుందని ఆశ పెట్టకండి, ఆ అనుమతి మీ కమిటీకి ఉండదు.

చిక్కంతా అమెరికా డబ్బుతోనే. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైతే, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డున్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా కమిటీ దాన్ని తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు సాధారణంగా సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కార్యక్రమాల మీద రూ.15 లక్షల ఖర్చు చూపాలి. “తమ్ముడి ఖాతాకు పంపుతాను, వాడే మీకిస్తాడు” అంటే ఒప్పుకోకండి. విదేశీ విరాళాన్ని దొడ్డిదారిన తీసుకున్నా, అందుకు సాయపడినా 5 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

మీకు సులువైన దారి ఒకటుంది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న ఏదైనా సంస్థకు ఆయన ఇవ్వాలి, ఆ సంస్థే మీ గుట్ట మీద పని చేయించాలి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరొకరికి బదలాయించకూడదు, కాబట్టి మీ ఖాతాకు మళ్లించమని అడగకండి. కూలి, పనిముట్లు సంస్థే నేరుగా చెల్లించాలి. ఏ పని ఎక్కడ చేయాలో మాత్రం గ్రామసభ ప్రణాళిక ప్రకారమే అని ఒప్పందంలో రాయించుకోండి.

ఆ ప్రణాళికను అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌తో (అడవి నిర్వహణకు శాఖ రాసుకునే ప్రణాళిక) జోడించడం కూడా కమిటీ పనేనని అదే 4వ నిబంధన చెబుతుంది. రేంజరు ఇచ్చే టేకు మొక్కలు నాటాల్సిందేనని ఎవరన్నా బెదరకండి. బోడిగుట్టలో పాత మోళ్లు బతికే ఉంటే ఖర్చు మొక్కల మీద పెట్టకండి. వేసవి రాకముందే మంటలు పాకకుండా అగ్గి గీతలు కొట్టడానికి, పశువులను ఆపే కాపలాకు, మోడుకు ఒకటి రెండు పిలకలు ఉంచి మిగతావి కోయడానికి పెట్టండి. 16వ నిబంధన కింద ప్రభుత్వ పథకాల సాయం కూడా మీకు అందాలి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి అర్జీ పెట్టి, అందినట్లు నకలు మీద ముద్ర వేయించుకోండి.

కార్బన్ క్రెడిట్ల (అడవి పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి అమ్ముకునే పత్రాల) పేరుతో 30 ఏళ్ల ఒప్పందం తెచ్చేవాళ్లూ వస్తారు. మీ అటవీ హక్కు అమ్మడానికీ బదిలీకీ వీల్లేదని అటవీ హక్కుల చట్టం 4(4) సెక్షన్‌లో ఉంది. తెలుగులో చదివి వినిపించి, గ్రామసభ ఒప్పుకోనిదే సమితి అధ్యక్షుడితో సహా ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.