అక్కినేని చెప్పాక మా అమ్మ నోరు విప్పింది

"సినిమావాళ్లు తమ జబ్బు బయటపెడితే మామూలు జనంలో ఏమైనా మారుతుందా?" అని ఒకరు అడిగారు. మా ఇంట్లో మారింది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. 2013లో అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. గడ్డ చేతికి తగిలిన ఆరు నెలలకి గానీ మాకు చెప్పలేదు. నొప్పి లేదు కదా అని ఊరుకుందట. నొప్పి లేకపోయినా గడ్డని వెంటనే చూపించుకోవాలని మాకెవరికీ తెలియదు. సూర్యారావుపేటలో ఆపరేషన్ అయ్యాక కూడా ఇరుగుపొరుగుకి "గర్భసంచి తీశారు" అనే చెప్పాం. ఇంట్లో మాలో మేం కూడా "ఆ జబ్బు" అనేవాళ్లమే తప్ప పేరెత్తేవాళ్లం కాదు. పిన్నికి ఒక్కదానికే తెలుసు. ఒకరోజు వాళ్లింటికి వెళ్తే అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, అమ్మకి మాత్రం పేపర్ కప్పులో ఇచ్చింది. అమ్మ మాట్లాడకుండా తాగేసి, ఆ కప్పు నలిపి చేతిలోనే పట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ అని తానే చెప్పారు. అమ్మ పుట్టిల్లు గుడివాడ దగ్గర. ఆయనంటే సొంత మనిషి కిందే లెక్క. మర్నాడు పేపరు చదివి, గుమ్మంలో పాలావిడతో "నాకూ క్యాన్సరేనమ్మా, కీమో ఎక్కిస్తున్నారు" అంది. ఆ మాట అమ్మ నోట వినడం నాకదే మొదలు.

2014 జనవరిలో ఆయన పోయారు. ఇక చూడ్డానికొచ్చినవాళ్లంతా "అంతటి మనిషికే తప్పలేదు" అనడం మొదలెట్టారు, అదీ అమ్మ ముందే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. అమ్మే తేల్చి చెప్పింది: "ఆయనకి తొంభై ఏళ్లు, నాకు యాభై రెండు. ఆయనది పొట్టలో, నాది రొమ్ములో." నాన్న ఎదురుగా రొమ్ము అన్న మాట అనడానికి అప్పుడు వెనకాడలేదు.

2021 డిసెంబరులో సినిమా నటి హంసానందిని గుండుతో ఫొటో పెట్టి, తనది వంశపారంపర్యంగా వచ్చిన రొమ్ము క్యాన్సర్ అని, బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉందని రాసినప్పుడు మా చెల్లి హడలిపోయింది. తెల్లారేసరికి జన్యు పరీక్ష చేయించేయాలంది. డాక్టరుగారు ఆపారు. అలా వంశంలో వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమేనని, పరీక్ష ముందు జబ్బు వచ్చిన మనిషికే చేయాలని చెప్పారు. అమ్మ రక్తం ఇచ్చింది. ఆ లోపం లేదని వచ్చింది.

చెల్లికి నలభై దాటాయి. ఏటా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, చేయించుకుంటోంది. తోడుగా అమ్మే వెళ్తుంది.