నాన్న నుంచి చట్టప్రకారం విడిపోవచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు పదహారున్నర ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. ఇంటర్ చదువుతూ ఒక స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆ డబ్బు నాన్న ఖాతాకే పోతుంది, తాగుడుకి అయిపోతుంది. అడిగితే కొడతాడు. ఈమధ్య అప్పు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. అమ్మ ఏమీ అనదు. అమెరికాలో పిల్లలు కోర్టుకెళ్లి తల్లిదండ్రుల నుంచి విడిపోతారని రీల్‌లో చూశాను. ఇక్కడ కుదురుతుందా?

జవాబు: కుదరదు బాబూ. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 నిండేదాకా నువ్వు మైనర్‌వే. ఇక ఆ రీల్ సంగతి. కాలిఫోర్నియాలో 14 ఏళ్లు నిండిన పిల్లలు అలా అడగొచ్చన్నది నిజమే. కానీ అప్పటికే తల్లిదండ్రుల ఒప్పుదలతో వేరుగా ఉంటూ, తన ఖర్చులు తానే పెట్టుకుంటున్నట్టు జడ్జికి చూపించాలి. ఆర్డరు వచ్చాక అద్దె, ఆసుపత్రి ఖర్చు అన్నీ పిల్లాడి నెత్తినే. రీల్‌లో ఆ ముక్క చెప్పి ఉండరు.

మన దగ్గర సంరక్షకుడు లేకుండా పోవడం లేదు గానీ, మారడం ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద అమ్మగానీ మేనమామగానీ కోర్టుకెళ్లొచ్చు. నాన్న అందుకు తగడని జడ్జి నమ్మాలి. నీ ఇష్టం కూడా అడుగుతారు. అయితే కేసు తేలేలోపు నీకు 18 వచ్చేసినా ఆశ్చర్యం లేదు. అందుకే ఆ దారి పట్టమని నేననను.

నన్ను కలవరపెట్టింది డబ్బు కాదు. 'కొడతాడు' అని ఒక్క మాట రాసి దాటేశావు. మళ్లీ చెయ్యెత్తితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద నీ విషయం బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. ఫోన్ చేయగానే నాన్నని జైల్లో వేస్తారేమోనని జంకకు. కమిటీ విచారిస్తుంది, అవసరమైతే నమ్మకమైన బంధువుల దగ్గర నిన్ను ఉంచుతుంది. అమ్మ ఎందుకు ఏమీ అనట్లేదో ఎప్పుడైనా అడిగావా? ఆమెకూ దెబ్బలు పడుతుంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆడవాళ్లకి, పిల్లలకి న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ని ఉచితంగా ఇస్తుంది, ఆదాయం ఎంతని చూడదు.

డబ్బుకి దారి సులువే. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎంతవరకు, ఎలా అన్నది ఒక్కో బ్యాంకు ఒక్కోలా పెట్టుకుంటుంది. మైనర్ తన నైపుణ్యంతో సంపాదించినదాన్ని ఆదాయపు పన్ను వాళ్లు కూడా తండ్రి లెక్కలో కలపరు. కాకపోతే డబ్బు ఆగిన రోజు ఇంట్లో రగడ ఖాయం. కాబట్టి ముందు మేనమామకో, నువ్వు నమ్మే ఇంకో పెద్దమనిషికో అంతా చెప్పు. ఆ తర్వాతే స్టూడియోవాళ్లకి కొత్త ఖాతా నంబరు ఇవ్వు.

అప్పు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని, బ్రిటిష్ కాలంలో మనకు పై కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. అయినా అప్పిచ్చినవాడు కోర్టు తీర్పులు చదువుకుని గుమ్మంలోకి రాడు కదా.

తాగుడు మాన్పించడానికి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చికిత్స ఉంది. నాన్నని అక్కడిదాకా తీసుకెళ్లడం పెద్దవాళ్లు చూసుకోవాల్సిన పని, నీది కాదు. ఇంటర్ పరీక్ష ఫీజు కట్టావో లేదో రాయలేదు. కట్టకపోతే ఈ వారమే కాలేజీలో గడువు కనుక్కో.