జూబ్లీహిల్స్‌లో ఇంటి భోజనం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి జూబ్లీహిల్స్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. మా ఆయన టీచరు. దసరా సెలవుల్లో మేమిద్దరం వెళ్లి, దగ్గర్లో రూమ్ తీసుకుని పెద్దమ్మ గుడి, జగన్నాథ ఆలయం, కేబుల్ బ్రిడ్జి చూసి, పండక్కి పిల్లను తీసుకుని ఊరికి వచ్చేద్దామని అనుకుంటున్నాం. కిందటిసారి అక్కడ ఒక పెద్ద హోటల్లో తిన్నాం. బిల్లులో సర్వీస్ చార్జీ అని కూడా వేశారు. ఆయనకు కడుపు నిండలేదు, పైగా షుగర్ ఉంది. చిన్న హోటళ్లు శుభ్రంగా ఉంటాయా? అలాంటి చోట తిందామంటే అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: అక్కా, ముందు మీ అమ్మాయి సంగతే చెప్తాను. హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసే పిల్లలు నెలలో చాలా పూటలు తినేది మెస్సుల్లోనే, కర్రీ పాయింట్ల కూరలతోనే. "నువ్వు రోజూ తినే చోటుకే తీసుకెళ్లు" అని అడిగి చూడండి. సంతోషంగా తీసుకెళ్తుంది.

జూబ్లీహిల్స్ మెయిన్ రోడ్డు మీద అద్దాల హోటళ్లే కనిపిస్తాయి. కానీ ఆ బంగళాల్లో పనిచేసే డ్రైవర్లు, వాచ్‌మన్లు, షాపుల్లో నిలబడి అమ్మే పిల్లలు, వీళ్లంతా మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట అన్నం తినాలి కదా. వాళ్ల వెనకే వెళ్లండి. చాలామంది కృష్ణానగర్ వైపు వస్తారు. యూసుఫ్‌గూడ మెట్రోలో దిగితే దగ్గరే. సినిమాల్లో అవకాశాల కోసం వచ్చిన కుర్రాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు ఏళ్ల తరబడి ఉంటున్న పేట అది. జేబులో తక్కువ డబ్బున్నవాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టి బతికిన వీధులవి. నేను ఆ పక్కనే ఉంటాను. గోదావరి జిల్లాల వంట, రాయలసీమ కారం, మన తెలంగాణ పచ్చిపులుసు అన్నీ ఆ సందుల్లోనే దొరుకుతాయి.

మెస్సుకు పన్నెండున్నర లోపే వెళ్లండి. అన్నం అప్పుడే దించి ఉంటుంది, వేపుడు ఇంకా కరకరలాడుతుంటుంది. ఒంటిగంట దాటితే కుర్చీ వెనకాల మనిషి నిలబడతాడు, మీ ఆయనకు అది నచ్చదు. రెండున్నరకు వెళ్తే సాంబారు, పెరుగే మిగులుతాయి. చాలాచోట్ల కౌంటర్లో డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, ధర గోడమీదే ఉంటుంది కాబట్టి బిల్లు భయం లేదు. ప్లేట్ మీల్స్ అంటే ఒకసారి వడ్డించేది. ఫుల్ మీల్స్‌లో అన్నం, పప్పు, పులుసు అడిగినంత వేస్తారు. మొహమాటపడకుండా పప్పు మళ్లీ వేయించుకోండి, వడ్డించేవాళ్లు ఏమీ అనుకోరు. ఆ పప్పు రుచి చూస్తే చాలు, ఆ వంటమనిషి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది.

రాత్రికి మీ ఆయనకు అన్నం వద్దు. చీకటి పడేవేళ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్లు హైదరాబాద్‌లో చాలాచోట్ల ఉన్నారు. పిండి చేత్తో తట్టి మన కళ్లముందే కాలుస్తారు. రెండు రొట్టెలు కట్టించుకుని, కర్రీ పాయింట్లో ఒక ఆకుకూర పప్పు, ఒక కూర పార్సిల్ తీసుకుంటే రూమ్‌లో ముగ్గురూ కూర్చుని తినొచ్చు. ఇంత మంచి భోజనం పెద్ద హోటల్లో దొరకదని నా గట్టి నమ్మకం.

శుభ్రత విషయంలో మీ భయం సరైనదే. లోపలికి వెళ్లగానే చేతులు కడిగే చోటు, గిన్నెలు తోమే చోటు చూడండి. అవి జిడ్డుగా ఉంటే బయటికి వచ్చేయండి. గోడమీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఉందేమో చూడండి. పొద్దున టిఫిన్‌కు ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ మేలు. ఎండెక్కాక కొబ్బరి చట్నీ ముట్టుకోవద్దు, త్వరగా పులుస్తుంది. బండ్ల దగ్గర మయోనైజ్ మాత్రం వద్దే వద్దు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను మన ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. జనం జబ్బుపడ్డాకే ఆ నిర్ణయం వచ్చింది.

ఇక సర్వీస్ చార్జీ. అది మీరు కట్టి తీరాల్సింది కాదు. బిల్లులో దానంతట అది కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమని అడగండి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జీఎస్టీ మాత్రం కట్టాలి. మామూలు హోటల్లో ఏసీ ఉన్నా లేకున్నా 5 శాతమే.

ఒక్క జాగ్రత్త. సద్దుల బతుకమ్మ దగ్గరపడే కొద్దీ మెస్సుల్లో వంటవాళ్లు, వడ్డించేవాళ్లు ఊళ్లకు బయల్దేరతారు. చాలా షట్టర్లు మూసే ఉంటాయి. అందుకని సెలవులు మొదలవ్వగానే వచ్చేయండి. మధ్యాహ్నం తిని లేచేటప్పుడు "రేపు ఉంటారా?" అని కౌంటర్లో ఒక మాట అడగండి.