బేరమాడితే రేటు తగ్గించొద్దు, ఫొటోలు తగ్గించమనండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఏడాదిగా పోర్ట్రెయిట్ ఫొటోలు తీస్తోంది. బాగుంటాయని అందరూ అంటారు. డబ్బు దగ్గరికొచ్చేసరికి అందరూ బేరమాడతారు, తను సగానికే ఒప్పేసుకుంటుంది. బటన్ నొక్కడానికి అంతకన్నా ఎవరిస్తారులే అని నాకూ అనిపిస్తుంది. ఇప్పుడు ఏదో 'లగ్జరీ పోర్ట్రెయిట్' ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టమంటోంది. కట్టాలా, ఇవన్నీ మానేసి ఉద్యోగం చూసుకోమనాలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మీరడిగింది కోర్సు గురించి. మీ భయం మాత్రం, ఏడాదైనా చేతిలో డబ్బు నిలవట్లేదే, అమ్మాయి ఈ పనికి సరిపోదేమో అని. ముందు ఆ దిగులు పక్కన పెట్టండి. బేరం తన పనితనం మీద తీర్పు కాదు. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఏ రేటు చెప్పినా ఒకమాట అడిగి చూస్తారు, అందులో తప్పు లేదు. తను చెప్పిన రేటు ఎక్కడినుంచి వచ్చిందో తనకే తెలియదు కాబట్టి, అడగగానే దిగిపోతోంది.

బటన్ సంగతి చూద్దాం. గంట షూట్‌కి ముందు మాటలు, బ్యాటరీలు, కార్డులు సర్దుకోవడం అరగంట. రాకపోకలు గంట. షూట్ గంట. 300 ఫ్రేముల్లోంచి 20 ఏరడానికి ముప్పావుగంట. కళ్లు మూసినవీ, ఫోకస్ కంటి మీద కాక చెవి మీద పడ్డవీ తీసేయాలి కదా. ఒక్కో ఫొటోకి 8 నిమిషాల రీటచ్ (రంగు, వెలుతురు, మచ్చలు సరిదిద్దడం) అనుకున్నా 20 ఫొటోలకు 2 గంటల 40 నిమిషాలు. బ్యాకప్, అప్‌లోడ్ ఇంకో అరగంట. మొత్తం 6 గంటల 25 నిమిషాలు. మీరన్న బటన్ అందులో ఆరో వంతు కూడా లేదు.

ఇప్పుడు రేటు. నెలకు తన చేతికి రావాల్సింది 100 అనుకోండి. కెమెరా, లెన్సుల ఖరీదును 36 నెలలకు పంచి, సాఫ్ట్‌వేర్ చందా, హార్డ్ డిస్కులు, ప్రయాణాలు, రిపేర్లు, పన్ను కలిపితే ఇంకో 60 అనుకోండి. నెలకు 16 షూట్లు వస్తుంటే ఒక్కోదానికి 10 పడాలి. ఆ 16 అనేది గడిచిన మూడు నెలల సగటు కావాలి, ఆశ కాదు. ఈ 10లో 3.75 ఖర్చులకే పోతుంది, మిగిలేది 6.25. 'ఓ 20 శాతం తగ్గించండమ్మా' అన్నారని 8కి ఒప్పుకుంటే మిగిలేది 4.25, అంటే మూడో వంతు దాకా గల్లంతు. సగానికి ఒప్పుకుంటే మిగిలేది 1.25. రేటు సగమైంది, సంపాదన ఐదో వంతైంది. ఏడాదిగా డబ్బు నిలవకపోవడానికి కారణం ఇదే.

అందుకని రేటు మీద చెయ్యి వేయకూడదు, పనిని కుదించాలి. 20 నిమిషాలు, ఒకే చోటు, ఒకే డ్రెస్సు, 5 ఫొటోలు అని చిన్న ప్యాకేజీ పెట్టమనండి. ఒకే రోజు ఒకే చోట వరసగా నలుగురిని పెట్టుకుంటే ప్రయాణం, సామాను సర్దుకునే సమయం నలుగురి మీదా పంచినట్టవుతాయి. మధ్యలో పది నిమిషాల విరామం కలిపినా ఒక్కొక్కరికి పట్టేది సుమారు రెండు గంటలే. పూర్తి రేటులో మూడో వంతు తీసుకున్నా నష్టం లేదు. ఇద్దరే వస్తే మాత్రం లెక్క తప్పుతుంది, కనీసం ముగ్గురు అడ్వాన్స్ కట్టాకే తేదీ ఖాయం చేయాలి. బేరానికి జవాబు ఇలా ఉండాలి: 'మీ బడ్జెట్ ఎంతో చెప్పండి, అందులో ఏం వస్తుందో చెప్తాను.' 'వేరేవాళ్లు సగానికే తీస్తామన్నారు' అంటే, 'వాళ్లు ఎన్ని ఫొటోలు రీటచ్ చేసి, ఎన్ని రోజుల్లో ఇస్తామన్నారో అడగండి' అంటే చాలు. వాదించక్కర్లేదు.

నష్టం ఎక్కువగా నోటిమాటల్లోనే జరుగుతుంది. 20 అనుకున్నవి 60 అవుతాయి, ఒక్కరనుకుంటే నలుగురొస్తారు, నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చేసరికి వెలుతురు పోతుంది, 'తీసినవన్నీ ఇచ్చేయండి' అంటారు. ఫొటోల సంఖ్య, మనుషుల సంఖ్య, ఇచ్చే తేదీ, అదనపు ఫొటోకి ఎంత, రీటచ్ సవరణలు ఎన్నిసార్లు, ఇవన్నీ ఒక మెసేజ్‌లో రాసి పంపి, 'సరే' అని జవాబొచ్చాకే మూడో వంతు అడ్వాన్స్ తీసుకోమనండి. ఏరకముందు ఫ్రేములు ఎవరికీ ఇవ్వొద్దు. ఇస్తే, తను బాలేదని పక్కనపెట్టిన ఫొటో కూడా తన పేరు మీదే తిరుగుతుంది.

ఇక కోర్సు. 'రేటు మూడింతలు చేయండి, బేరమాడేవాళ్లు వాళ్లంతట వాళ్లే పోతారు' అని ఇలాంటి కోర్సుల్లో చెప్తుంటారు. పోతారు, నిజమే. వాళ్ల స్థానంలో ఎవరొస్తారన్నదే నా అనుమానం. ఎక్కువిచ్చేవాళ్లు కొనేది నమ్మకాన్ని: మబ్బు పట్టినా, ఇరుకు గదైనా, పిల్లాడు ఏడుస్తున్నా మొదటి ఫొటో నుంచి ఆఖరిదాకా ఒకే నాణ్యత. అది చేతికి రావడానికి షూట్లు పడాలి, వీడియోలు చూస్తే రాదు. పైగా ఆ పద్ధతిలో డబ్బు ఎక్కువగా వచ్చేది పెద్ద ప్రింట్లు, ఆల్బమ్‌లు కూర్చోబెట్టి చూపించి అమ్మడంలో. దానికి శాంపిళ్లు, కూర్చోబెట్టే చోటు, అమ్మగలిగే నోరు కావాలి. సగానికే ఒప్పేసుకునే పిల్లకి ముందు 'కుదరదండీ' అనడం రావాలి. అదే డబ్బుతో ఒక ఫ్లాష్, స్టాండ్, ఆ వెలుతురును మెత్తగా పరిచే సాఫ్ట్‌బాక్స్ కొనివ్వండి.

ఒకమాట, కోపం తెచ్చుకోకండి. తన పని బటన్ నొక్కడమని ఇంట్లో మీరే అంటుంటే, బయటివాళ్ల ముందు తను గట్టిగా ఎలా నిలబడుతుంది? చుట్టాలకు ఊరికే తీసిపెట్టమని చెప్పేది కూడా మీరే అయ్యుంటారు. ఇకమీదట మీ తరఫువాళ్ల బిల్లు మీరు కట్టండి. తను తగ్గించాలనుకున్నా బిల్లులో పూర్తి రేటు రాసి, కింద తగ్గింపు విడిగా చూపించాలి. లేకపోతే వాళ్లు పంపినవాళ్లు ఆ తక్కువ రేటు పట్టుకునే వస్తారు.

పోల్చమన్నారు కదా. ఉద్యోగంలో మొదటి నెల నుంచి జీతం; స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరితే లైటింగ్ కూడా వేరేవాళ్ల ఖర్చుతో వస్తుంది. సొంత పనిలో పేరు తనది, ఖాళీ నెలలూ తనవే. వారంలో కొన్ని రోజులు అసిస్టెంట్‌గా, మిగతా రోజులు సొంత షూట్లు చేసుకునే దారీ ఉంది. ఆరు నెలలు ఒక పుస్తకంలో గంటలు, పూర్తి రేటుకి కుదిరినవెన్ని, పాతవాళ్లు పంపగా వచ్చినవాళ్లెందరు అని రాయించండి. ఈ చివరి అంకె పెరుగుతుంటే మీరు కంగారు పడక్కర్లేదు. పెరగకపోతే అప్పుడు ఉద్యోగం వెతకొచ్చు, ఆరు నెలల్లో వయసేం దాటిపోదు.

ఇప్పటికే పాత రేటుకి ఒప్పుకున్న షూట్లు ఉంటే వాటిని ఆ రేటుకే చేయనివ్వండి. కొత్త రేటు వాటి తర్వాత ఫోన్ చేసినవాళ్లతో మొదలు.