డ్రమ్ము నిండేలోపు ఒక పేజీ

కడప,
ఆదివారం సాయంత్రం

అమ్మీ,

నువ్వు వాట్సాప్‌లో పంపింది మూడుసార్లు చదివాను. "పెద్దమ్మా, నీకు రాసుకోవడానికి టైమ్ ఎట్లా దొరికేది?" అని అడిగావు. దొరికేది కాదమ్మీ. ఈ ముక్క ఫోన్లో చెప్పి పెట్టేస్తే నీకు కోపమొస్తుందని కాగితం తీసుకున్నాను.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మా వీధిలో కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చేవి. పైపు తగిలించి డ్రమ్ములో వేస్తే నిండడానికి దగ్గర దగ్గర అరగంట పట్టేది. పక్కనే పీట వేసుకుని నిద్రకళ్లతో ఆ నీళ్లనే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు పెద్దోడి లెక్కల నోట్‌బుక్కు చివర్లో ఖాళీ పేజీలు కనపడితే పెన్సిల్‌తో నాలుగు లైన్లు రాశాను. ఆ తర్వాత నీళ్లొచ్చే రోజంటే నేను రాసుకునే రోజు. డ్రమ్ము నిండేలోపు ఒక పేజీ. గడియారం అక్కర్లేదు, చప్పుడే చెప్పేది. అడుగున పడేటప్పుడు దబదబా మోగేది, సగానికొచ్చాక గొంతు మందమయ్యేది, అంచు దగ్గరికొస్తే చప్పుడే ఉండేది కాదు. చప్పుడు తగ్గిందంటే పెన్సిల్ పక్కన పెట్టాలి. ఒకసారి కథలో ముసలామె చావు రాస్తూ చెవిన పెట్టలేదు. నీళ్లు పొంగి ఎదురింటామె వాకిట్లో ముగ్గంతా కొట్టుకుపోయింది. ఆమె తిట్టిన తిట్లలో రెండు ఇంకో కథలో వాడుకున్నాను.

మీ ఇంట్లో మోటారుంది, నీకు ఆ డ్రమ్ము లేదు. నీ డ్రమ్ము ఏదో నువ్వే వెతుక్కోవాలి. ట్యూషన్ బయట స్కూటీ మీద కూర్చునే ఇరవై నిమిషాలు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దాని మొదలూ చివరా మాత్రం నీ చేతిలో ఉండకూడదు. "పనంతా అయ్యాక రాస్తాను" అన్నావో, అయిపోయినట్టే. సింకు ఖాళీ అయిందనేలోపు ఎవరో ఒకరు కాఫీ గ్లాసు పెట్టి పోతారు, నీకు తెలియనిదా.

పనుల్లో కూడా తేడాలున్నాయి. చెనక్కాయలు ఒలిచేటప్పుడు, మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు తల ఖాళీగా ఉంటుంది. కథ అక్కడ బాగా సాగుతుంది. సంగటి కెలికేటప్పుడు మాత్రం దాని జోలికి పోవద్దు. ఉండలు కడితే మీ పెదనాన్న నోరెత్తి ఒక్క మాట అనరు, ఒక్కో ఉండా ఏరి తట్ట అంచున వరసగా పెడతారు. ఇంకోటి, లేచేటప్పుడు వాక్యం పూర్తి చెయ్యొద్దు, సగంలో వదిలెయ్. సగం వాక్యం పంట్లో ఇరుక్కున్న వక్కముక్క లాంటిది, రోజంతా నాలుక దాని దగ్గరికే పోతుంది.

ఇక అసలు సంగతి. నేను తొమ్మిదేళ్లు దొంగచాటుగా రాశాను. వద్దని ఎవరూ అనలేదు. చెబితే కదా అనడానికి! "ఇంత సంసారం పెట్టుకుని కథలు రాస్తోందంట" అంటారేమోనని నాకు నేనే సిగ్గుపడి, నోట్‌బుక్కులన్నీ అటక మీద పిల్లల పాత పుస్తకాల మధ్యలో దూర్చేదాన్ని. ఒక సంక్రాంతికి నేను పుట్టింటికి పోయి ఉంటే, మా అత్త ఇల్లు దులుపుతూ ఆ కట్టంతా పాత పేపర్లవాడికి వేసేసింది. వచ్చి చూస్తే అటక శుభ్రంగా ఉంది, వాకిట్లో కొత్త ప్లాస్టిక్ బకెట్టు ఉంది. పదకొండు కథలకు ఒక బకెట్టు. ఆమెనేమనను? ఆమె లెక్కలో అవి మూడో తరగతి నోట్‌బుక్కులు. నేను ఏడుస్తుంటే ఏమైందని అడిగింది. అప్పుడు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి తన పెళ్లినాటి ట్రంకుపెట్టెలో చీరలన్నీ బయట పడేసి, "ఇందులో పెట్టుకో" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదవడం రాదు.

అందుకే నువ్వు అందరి కళ్లముందే రాయి. బెడ్రూములో తలుపేసుకుని కాదు, హాల్లో కూర్చుని రాయి. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా పిల్లలను అల్లుడే చూసుకోవాలని టైమ్ పెట్టి చెప్పు. "కొంచెం చూస్తారా" అని నసగొద్దు. షాపు నుంచి అలసిపోయి వస్తాడు, కాదనను. ఫోన్ చూసుకోవడానికి ఓపిక ఉన్న మనిషికి బిడ్డలను చూసుకోవడానికీ ఉంటుంది. మొదట్లో చిన్నది వచ్చి కొంగు పట్టుకుని లాగుతుంది. దానికీ ఒక కాగితమిచ్చి పక్కన కూర్చోబెట్టు. "అమ్మ వంట చేస్తోంది" అన్నంత మామూలుగా "అమ్మ రాస్తోంది" అనే మాట ఆ పిల్ల నోట్లో రావాలి.

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని పిల్లలకు గొప్పగా చెబుతాం. రాజంపేట పక్కన తాళ్లపాకలో, ఆ ఇంట్లోనే, ఆయన భార్య తిమ్మక్క ద్విపదలో సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో తొలి కవయిత్రి అంటారు ఆమెను. మన పక్క కోడలు ఐదువందల ఏళ్ల కిందటే చేసిన పనికి నువ్వు ప్రొద్దుటూరులో సిగ్గుపడితే ఎట్లా? ఆమె ఏ వేళప్పుడు కూర్చుని రాసిందో మాత్రం ఒక్కరూ రాసి పెట్టలేదు. నాకు కావాల్సింది అదే.

ఇంట్లోవాళ్ల గురించి రాయొచ్చా అన్నావు. రాయొచ్చు. మా ఆడబిడ్డ గురించి రాసినప్పుడు పేరు మార్చాను, ఊరు మార్చాను, ముక్కుపుడక మార్చడం మరిచిపోయాను. రెండేళ్లు మాట్లాడలేదు.

పత్రికకు పంపేటప్పుడు సొంత రచనేననీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, ఇంకెవరికీ పంపలేదనీ హామీపత్రం జత చెయ్యి. అది లేకపోతే చాలామంది పక్కన పడేస్తారు. మీకిప్పుడు మెయిల్ ఉంది. మేము కాగితానికి ఒకవైపే రాసి, స్టాంపులంటించిన తిరుగు కవరు కూడా పెట్టి పంపేవాళ్లం. మన చేతిరాతతో మన అడ్రసుకే కవరు వచ్చిందంటే విప్పే పనే లేదు, సంగతి అర్థమయ్యేది. తిరిగొచ్చిన కథ వారం తర్వాత మళ్లీ చదువు. ఆ రోజే చదవొద్దు.

దసరా సెలవులకు కడపకు రా. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకుపోతాను. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టారు దాన్ని. పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు ఆయన. వాళ్లకు జీతమూ బంగళానూ, మనకు డ్రమ్ము. వచ్చేటప్పుడు నాలుగు పేజీలైనా పట్టుకురా, బాగుందో లేదో తర్వాత చూద్దాం. మనం పోయిన పూట పిల్లలు మీ పెదనాన్న దగ్గర ఉంటారు. ఆయనను అడగలేదు, చెప్పేశాను.

మీ పెద్దమ్మ