రోమ్ మ్యాపులు రెండు, రెండూ కరెక్టే

ప్రశ్న: సార్, మా అబ్బాయి తొమ్మిదో తరగతి, రోమన్ సామ్రాజ్యం మీద ఛార్టు గీసుకురమ్మన్నారు. విజయవాడ పుస్తకాల పండగలో పాత పుస్తకాల స్టాల్లో కొన్న ఒక అట్లాసు మా ఇంట్లో ఉంది. అందులో ఈజిప్టుకి రంగు ఉంది గానీ బ్రిటన్‌కి లేదు, డాన్యూబ్ నదికి పైన కూడా ఏమీ లేదు. వాడి గైడులో చూస్తే బ్రిటన్, రొమేనియా, ఇరాక్ అన్నీ ఎరుపే. అట్లాసులో ఆ పేజీ కింది మూల చిరిగిపోయింది, ఏ సంవత్సరానిదో తెలీదు. ఏది నమ్మాలి? రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ.
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ నమ్మండమ్మా. 2021లో అచ్చయిన మ్యాపులో విజయవాడ కృష్ణా జిల్లాలో ఉంటుంది, 2022 ఏప్రిల్ తర్వాతి దాంట్లో ఎన్టీఆర్ జిల్లాలో ఉంటుంది. మీ గుంటూరు జిల్లా కూడా అప్పుడేగా పల్నాడు, బాపట్ల విడిపోయి చిన్నదైంది. రోమ్ సంగతీ అంతే, కాకపోతే అది వందల ఏళ్లపాటు పెరిగింది.

సంవత్సరం ఉన్న మూల చిరిగిపోతే పోయింది, దాన్ని రంగుల్నిబట్టే పట్టుకోవచ్చు, మీవాడికి ఈ పని ఛార్టు కన్నా నచ్చుతుంది చూడండి. ఈజిప్టుకి రంగు ఉందన్నారు కదా, రోమన్ సేనాని ఆంటోనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రా చనిపోయాక అది రోమ్ చేతికి వచ్చింది క్రీ.పూ. 30లో, కాబట్టి మ్యాపు ఆ తర్వాతిది. బ్రిటన్ మీదికి క్లాడియస్ చక్రవర్తి సైన్యం పంపింది క్రీ.శ. 43లో, దానికి రంగు లేదంటే అంతకు ముందుది. ఇప్పుడు టర్కీ తూర్పు వైపు కప్పడోసియా అని ఉందేమో వెతకమనండి. అది రోమన్ రాష్ట్రమైంది క్రీ.శ. 17లో. దానికీ రంగు లేకపోతే రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ చనిపోయిన క్రీ.శ. 14 నాటి మ్యాపు అని నేను పందెం కాస్తాను, అట్లాసులవాళ్లకి ఆ సంవత్సరమంటే మహా ఇష్టం.

వాళ్లకి అంతకన్నా ఇష్టమైంది క్రీ.శ. 117, మీ గైడులో ఉన్నది అదే. ట్రాజన్ చక్రవర్తి రెండు యుద్ధాలు చేసి, క్రీ.శ. 106లో డాసియాని, అంటే ఇప్పటి రొమేనియా ప్రాంతాన్ని, బంగారు గనులతో సహా కలిపేసుకున్నాడు. తర్వాత ఇరాన్, ఇరాక్‌లని ఏలుతున్న పార్థియన్ల మీద పడి 116లో వాళ్ల రాజధాని టెసిఫాన్ (ఇప్పటి ఇరాక్‌లో ఉంది) పట్టుకుని పర్షియన్ గల్ఫ్ దాకా వెళ్లాడు. వెనకాల తిరుగుబాట్లు లేచాయి, మరుసటి ఏడాది ఆయన పోయాడు, హేడ్రియన్ గద్దెనెక్కగానే యూఫ్రటీస్ నది అవతలిది వదిలేశాడు. అంటే గైడులో ఇరాక్ మీద ఉన్న ఆ ఎరుపు రెండు మూడేళ్ల ముచ్చట. సామ్రాజ్యం అన్నిటికన్నా పెద్దగా కనపడే సంవత్సరం కాబట్టి పుస్తకాల వాళ్లు దాన్నే అచ్చేస్తారు, పిల్లలేమో రోమ్ ఎప్పుడూ అంతే ఉండేదనుకుంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా చిన్నప్పుడు క్లాసులో మేకుకి వేలాడే గుడ్డ మ్యాపు ఒకటి ఉండేది, సిసిలీ దగ్గర మాస్టారి బెత్తం తగిలి తగిలి రంగు పోయి లోపలి గుడ్డ కనపడేది. ఆయన ఊరికే కొట్టలేదు లెండి, ఇటలీ బయట రోమ్ మొదట సంపాదించింది సిసిలీయే, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగర రాజ్యంతో క్రీ.పూ. 264లో మొదలైన యుద్ధం 241లో ముగిశాక. (క్రీ.పూ. అంకెలు వెనక్కి నడుస్తాయని మీవాడికి ఒకసారి గుర్తు చేయండి, సగం మార్కులు అక్కడే పోతాయి.)

ఇంకో చిక్కు, రంగు అంతటా ఒకేలా పూసినా అధికారం అలా ఉండేది కాదు. యూదయాలో, అంటే ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతంలో, హెరోదు రాజే, కానీ రోమ్ మాట దాటలేడు, అతని రాజ్యాన్ని ఒక మ్యాపు ఎరుపులో కలుపుతుంది, ఇంకోటి గీతలు గీసి వదిలేస్తుంది. జర్మనీలో ఎల్బే నది దాకా వెళ్లిన సైన్యం క్రీ.శ. 9లో ట్యూటోబర్గ్ అడవిలో మూడు లీజియన్లు (వేలమంది సైనికులుండే దళాలు) పోగొట్టుకుని రైన్ దగ్గరికి వచ్చేసింది.

ఛార్టు సంగతికొస్తే, ఒకే బొమ్మ వద్దు. ట్రేసింగ్ పేపర్లు నాలుగు తీసుకుని క్రీ.పూ. 241, క్రీ.పూ. 30, క్రీ.శ. 14, క్రీ.శ. 117 విడివిడిగా గీసి, పైన ఒక్క పక్కనే పిన్ను కొట్టమనండి. ఒక్కోటి ఎత్తి చూపించొచ్చు.

ప్రశ్న: రోమన్లు మన కృష్ణా తీరానికి వచ్చారా? వాళ్ల మ్యాపుల్లో మనం ఉన్నామా?
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సైన్యాలు రాలేదు, సరుకు, నాణేలు వచ్చాయి. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టోలెమీ రాసిన మైసోలస్ నది మన కృష్ణే అని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇక మ్యాపంటారా, వియన్నాలో ప్యూటింగర్ పటం అని ఒకటి ఉంది, రోమన్ కాలపు పటానికి మధ్యయుగంలో తీసిన నకలు. పొడవు దాదాపు 7 మీటర్లు, వెడల్పు మూరైనా లేదు! మన దేశం తూర్పు చివర ఇరుక్కుని ఉంటుంది, కేరళ తీరంలో ముజిరిస్ రేవు, పక్కన అగస్టస్ గుడి కూడా చూపించారు. రోడ్లకి ఎర్ర గీతలు, వాటి పక్కన దూరాల అంకెలు ఉన్నాయి. సామ్రాజ్యం ఎక్కడిదాకానో చెప్పే రంగు మాత్రం వెయ్యలేదు.