నత్తలు కొనేముందు ఇది చదువు

చిన్నీ,

నీ కొత్త ఉప్పునీళ్ల అక్వేరియంలో నత్తలు వేయొచ్చా అని నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. అప్పుడే కరెంటు పోయింది, ట్యాంకుకు బ్యాటరీ పంపు తగిలించే తొందరలో ఉన్నాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీళ్లు పోసి మూడు వారాలైందని, అద్దమంతా గోధుమరంగు పొడి పట్టిందని, షాపులో ముప్పై నత్తలు, పది హెర్మిట్ పీతలు (ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండేవి) వేయమన్నారని చెప్పావు. ఇప్పుడు ఒక్కటి కూడా వేయొద్దమ్మా. ఆ పొడి పేరు డయాటమ్స్, కంటికి విడిగా కనబడనంత చిన్న పాచి. కొత్త ఉప్పునీళ్ల ట్యాంకులో చాలాసార్లు ముందు వచ్చేది అదే. ఇసుకలోనూ నీళ్లలోనూ ఉన్న సిలికేట్‌ను వాడుకుని పెరుగుతుంది, అది తగ్గేసరికి దానంతట అదే పలచబడుతుంది. అంతవరకు వారానికి రెండుసార్లు అద్దం తుడువు, చాలు. పోకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం నీళ్లను అనుమానించు. మన సీమ బోరు నీళ్లు ఎలాంటివో బకెట్‌కు పట్టే తెల్ల పొరే చెబుతుంది. తాగడానికి పెట్టుకున్న ఆర్‌ఓ ఒక్కటే చాలదు, దాని తర్వాత, మిగిలిపోయిన లవణాలను కూడా లాగేసే డీఐ గొట్టం ఉండాలి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించిన నీళ్లలోనే ఉప్పు కలుపు.

నత్తలకు రెండు షరతులున్నాయి. ఒకటి, కొత్త ట్యాంకు నీళ్లలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక్కరోజు సున్నా చూసి సంబరపడొద్దు. కొంచెం అమ్మోనియా కలిపి, 24 గంటల్లో మళ్లీ రెండూ సున్నాకు వస్తున్నాయేమో చూడు. రెండోది, చాలామంది మరిచిపోయేది: అవి తినడానికి ట్యాంకులో పాచి ఉండాలి. ఈ నత్తలకూ పీతలకూ షాపువాళ్లు పెట్టిన క్లీనప్ క్రూ అనే పేరు వినగానే మనకు పనివాళ్లే గుర్తొస్తారు. అవి ఆకలేసే ప్రాణులమ్మా. ముప్పై నత్తలు వేస్తే వారంలో అద్దం తళతళలాడుతుంది, ఆ తర్వాత అవి ఒక్కొక్కటే ఆకలికి చస్తాయి.

నా మొదటి ట్యాంకులో జరిగింది ఇదే. రెండో వారంలోనే ఇరవై నత్తలు వేశాను. రాళ్ల సందుల్లో చచ్చినవాటిని చూసుకోలేదు. అవి కుళ్లి అమ్మోనియా పెరిగింది, మిగిలినవీ పోయాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీది 200 లీటర్ల ట్యాంకు కాబట్టి మొదట ఆరేడు ప్రాణులు చాలు. అద్దం మీది పాచికి మూడు నెరైట్ నత్తలు, రాళ్లకూ ఇసుకకూ నాలుగు సెరిత్ నత్తలు. నెరైట్‌లు నీళ్లు దాటి పైకి పాకుతాయి, మూత తప్పనిసరి. అద్దానికి తెల్ల చుక్కలు అంటిస్తాయి, అవి గుడ్లు, జబ్బు కాదు. సెరిత్‌లు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, పగలు కనిపించలేదని కంగారుపడకు. నస్సేరియస్ నత్తలు ఇప్పుడు దండగ. అవి పాచి తినవు, మిగిలిన మాంసాహారం తింటాయి. చేపలొచ్చి, మేత వేయడం మొదలుపెట్టాక రెండు మూడు తెచ్చుకో. మేత వాసన తగలగానే ఇసుకలోంచి తొండం బయటపెట్టి లేచి వస్తాయి, చూడటానికి ఎంత బాగుంటుందో! హెర్మిట్ పీతల మీద నాకు ఇష్టం తక్కువ. గుల్ల కోసం నత్తనే చంపేస్తాయి. అయినా కావాలంటే రెండే వెయ్యి, వాటికంటే కాస్త పెద్దవి ఖాళీ గుల్లలు ఏడెనిమిది పక్కన పెట్టు. పీత చచ్చిపడినట్టు కనిపిస్తే ముందు బాగా చూడు, అది విడిచిన కుబుసం కావచ్చు.

సముద్ర దోసకాయ అనే ప్రాణిని ఇస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పెయ్. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి వాటికి రక్షణ ఉంది. మన సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాళ్లదీ అదే సంగతి.

తెచ్చినరోజు నేరుగా ట్యాంకులో వేయకు. నత్తలకు ఉప్పు శాతంలో తేడా అసలు పడదు. గిన్నెలోకి తీసి, సన్న పైపుతో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా గంటకు పైగా పడనివ్వు. ట్యాంకులో ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉంచు. కడప ఎండలకు నీళ్లు ఆవిరై రోజూ మట్టం తగ్గుతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే తగ్గినమేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ, డీఐ నీళ్లే పొయ్యి, ఉప్పునీళ్లు కాదు. వేడి 27 డిగ్రీలు దాటకుండా చూసుకో. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లపైకి చిన్న ఫ్యాను పెడితే కూలర్‌లాగే పనిచేసి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. 40 దాటే రోజుల్లో అది సరిపోదు. అప్పుడు ఆ గదిలో ఏసీ గానీ, ట్యాంకుకు చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) గానీ ఉండాల్సిందే.

ఇంకొకటి. చేపకు తెల్ల మచ్చలొస్తే షాపులో మందు ఇస్తారు. అందులో రాగి ఉందేమో చదువు. ఉంటే ఆ ట్యాంకులో వేయొద్దు, చేపను వేరే తొట్టిలో పెట్టి వైద్యం చెయ్యి. రాగి నత్తలను, రొయ్యలను, పీతలను చంపేస్తుంది, రాళ్లకు పట్టి తర్వాత కూడా వదలదు.

కొన్నాళ్లకు ఆకుపచ్చ వెంట్రుకల్లాంటి పాచి రావచ్చు. పొడుగ్గా పెరిగినదాన్ని నత్తలు ముట్టవు, టూత్‌బ్రష్‌తో నువ్వే పీకాలి. ఎర్రటి జిగురు పొర వస్తే దాన్ని నత్తలతో వదిలించలేవు. పైపుతో లాగేసి, మేత తగ్గించి, నీటి ప్రవాహం పెంచు. లైటు ఎనిమిది గంటలు మించకూడదు. అద్దం మరీ శుభ్రంగా ఉంటే నత్తలు తినడానికి ఉప్పూకారం లేని నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు పాచి) చిన్న ముక్క రాయికి రబ్బరుబ్యాండుతో కట్టు, మర్నాడు తీసెయ్. వారానికోసారి నత్తలను లెక్కపెట్టు. కదలనిదాన్ని తీసి వాసన చూడు, చచ్చిందైతే వెంటనే తెలుస్తుంది.

రోజూ రాత్రి అమ్మోనియా, నైట్రైట్ రీడింగులు నాకు వాట్సాప్ చెయ్యి. వారంపాటు రెండూ సున్నా ఉంటే నేనే బస్సెక్కి వస్తాను. నా ట్యాంకులో సెరిత్‌లు చాలా పెరిగాయి, నాలుగు తెస్తాను, వాటికి డబ్బులు పెట్టకు. ఖాళీ గుల్లలు కూడా డబ్బాలో ఎత్తిపెట్టాను.

ఇట్లు,
మీ అత్త
అనంతపురం